గృహావసరాలకు సౌరశక్తితో నీటిని వేడి చేయడం

మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు మీ ఇంటి కుళాయి తిప్పి చూడండి. మేడమీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులోంచి వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఎవరూ పొయ్యి వెలిగించలేదు, స్విచ్చి వేయలేదు. అదే కుళాయిని జనవరిలో తెల్లవారుజామున ఐదు గంటలకు తిప్పితే వేళ్ళు కొంకర్లు పోతాయి. వేడినీళ్ళు అక్కరలేని వేళ ఎండ వాటిని కాచి ఇస్తుంది. కావలసిన వేళ ఎండ ఉండదు. ఈ పాఠమంతా ఈ చిక్కు చుట్టూనే తిరుగుతుంది.

ఎండలో నీళ్ళు వేడెక్కుతాయని ఎవరికీ పాఠం చెప్పనక్కరలేదు. ఆ వేడి పారిపోకుండా పట్టి, పన్నెండు పదమూడు గంటలపాటు నిలిపి, స్నానాల గదికి చేర్చడంలోనే మనం తెలుసుకోవలసిన భౌతికశాస్త్రం ఉంది. మీలో చాలామంది ఉద్యోగం చేస్తూనో ఇల్లు నడుపుతూనో చదువుకుంటున్నవారు. సౌర జలతాపకం, అంటే సోలార్ వాటర్ హీటర్, కొనాలా వద్దా అన్న ప్రశ్న పరీక్షపత్రంలో కంటే ముందు మీ ఇంట్లోనే రావచ్చు. అందువల్ల సూత్రాలతోపాటు లెక్కలు కూడా చేద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఎంత వేడి కావాలి?

నీటికి విశిష్టోష్ణం ఎక్కువ. ఒక కిలో నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి దాదాపు 4.19 కిలోజౌళ్ళ శక్తి కావాలి. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలనుకోండి. ద్రవ్యరాశిని, విశిష్టోష్ణాన్ని, ఉష్ణోగ్రతలో పెరుగుదలను గుణిస్తే, అంటే 100 × 4.19 × 35 చేస్తే, సుమారు 14,665 కిలోజౌళ్ళు వస్తుంది. ఒక యూనిట్ విద్యుత్తు 3,600 కిలోజౌళ్ళకు సమానం. కాబట్టి మనకు కావలసింది 4 యూనిట్లకు కొంచెం పైన.

ఈ 4 యూనిట్లు గీజరుకు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒకసారి వెనక్కి నడిచి చూడండి. సింగరేణి గనుల్లో తవ్విన బొగ్గు రామగుండంలోనో కొత్తగూడెంలోనో మండుతుంది. కొలిమిలో 1000 డిగ్రీలకు మించిన వేడి పుడుతుంది. దానితో నీరు ఆవిరై టర్బైనును, టర్బైను జనరేటరును తిప్పుతాయి. బొగ్గులో ఉన్న శక్తిలో మూడోవంతు అటూ ఇటూగా మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం శీతలీకరణ గోపురాల మీదుగా గాలిలో కలుస్తుంది. తీగల్లో మరికొంత పోతుంది. ఇంత ప్రయాణం చేసి వచ్చిన విద్యుత్తును గీజరు తిరిగి వేడిగానే మారుస్తుంది, అదీ 60 డిగ్రీల వేడిగా! గోటితో పోయేదానికి గొడ్డలి వాడటమంటే ఇదే. మన దేశంలో ఒక యూనిట్ ఉష్ణ విద్యుత్తుకు దాదాపు 0.7 కిలోల బొగ్గు కాలుతుంది. అంటే ఆ 100 లీటర్ల వెనుక ఇంచుమించు 3 కిలోల బొగ్గు ఉంది.

పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అక్కడ లెక్క వేరు. తెరిచి ఉన్న పొయ్యిలో కట్టెల వేడి చాలావరకు పక్కలకు పోతుంది. పదోవంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే నీటికి చేరుతుంది. ఎండిన కట్టె కిలోకు దాదాపు 16,000 కిలోజౌళ్ళు ఇస్తుందనుకుంటే, అదే 100 లీటర్లకు ఏడెనిమిది కిలోల కట్టెలు కావాలి. వాటిని ఏరి తెచ్చేది, పొగలో కూర్చుని ఊదేది ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి ఆ శ్రమ ఏ బిల్లులోనూ కనిపించదు.

ఇక సూర్యుడి వైపు చూద్దాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒక చదరపు మీటరు సమతలం మీద ఏడాది సగటున రోజుకు 5 యూనిట్ల వరకు సౌరశక్తి పడుతుంది. 2 చదరపు మీటర్ల పలక మీద పడే 10 యూనిట్లలో సగాన్ని నీటిలోకి పంపగలిగితే 5 యూనిట్లు దక్కుతాయి. మన అవసరం తీరి, నష్టాలకు కూడా కొంత మిగులుతుంది. 100 లీటర్ల గృహ పరికరాలకు 2 చదరపు మీటర్ల పలక ఒకటి అమర్చడం వెనుక ఉన్నది ఈ చిన్న లెక్కే.

ఎండను పట్టే పలక

స్విట్జర్లాండుకు చెందిన సొస్యూర్ అనే శాస్త్రవేత్త 1767లో గాజు మూతలున్న పెట్టె ఒకటి చేసి ఎండలో పెట్టాడు. లోపల ఉష్ణోగ్రత నీరు మరిగే స్థాయిని దాటింది. ఇప్పుడు మన మేడల మీద కనిపించే సమతల సేకరిణి, అదే ఫ్లాట్ ప్లేట్ కలెక్టర్, ఆ పెట్టె సంతతే. నల్లటి పూత వేసిన రాగి రేకు, దానికి అతికించిన సన్నని రాగి గొట్టాలు, పైన గట్టి గాజు పలక, కింద, పక్కల ఉష్ణబంధకం, వీటన్నిటినీ పట్టి ఉంచే అల్యూమినియం చట్రం: పరికరమంతా ఇంతే.

గాజు ఎందుకు? గాలి తగలకుండా ఉండటానికి అని చాలామంది రాస్తారు. అది సగం జవాబే. మిగతా సగం తరంగదైర్ఘ్యంలో ఉంది. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,800 కెల్విన్ల వద్ద ఉంటుంది కాబట్టి అతని కాంతి తీవ్రత 0.5 మైక్రోమీటర్ల దగ్గర గరిష్ఠం. 80 డిగ్రీలకు వేడెక్కిన రేకు కూడా వికిరణం చేస్తుంది, కాని వీన్ నియమం ప్రకారం దాని గరిష్ఠం 8 మైక్రోమీటర్ల దగ్గర, పరారుణ ప్రాంతంలో ఉంటుంది. గాజు మొదటిదాన్ని లోపలికి రానిస్తుంది, రెండోదాన్ని బయటికి పోనివ్వదు. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులోకి ఎక్కినప్పుడు మనకు తగిలే సెగ ఇదే. దీన్నే హరితగృహ ప్రభావం అంటాం.

నల్ల పూతలోనూ ఒక విశేషం ఉంది. మామూలు నల్లరంగు ఎండను బాగా శోషిస్తుంది, అంత బాగానూ పరారుణాన్ని ఉద్గారిస్తుంది. 80 డిగ్రీల వద్ద ఉన్న రేకు 27 డిగ్రీల పరిసరాలకు చదరపు మీటరుకు సుమారు 380 వాట్లు వికిరణం రూపంలో పోగొట్టుకుంటుంది. గాజు లేదనుకొని స్టీఫన్ నియమంతో మీరే లెక్కించి సరిచూసుకోండి, ఉద్గారకతను 0.9గా తీసుకోండి. బ్లాక్ క్రోమ్ వంటి వరణాత్మక పూతలు సౌరకాంతిలో 90 శాతానికి పైగా శోషిస్తూనే, పరారుణాన్ని పదోవంతు మాత్రమే ఉద్గారిస్తాయి. అప్పుడు అదే నష్టం 40 వాట్ల దరిదాపులకు పడిపోతుంది. చూపుకు రెండూ నల్లగానే ఉంటాయి. అందుకే కొనేటప్పుడు రంగు చూసి కాదు, భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 12933 ముద్ర చూసి నమ్మాలి.

పంపు లేకుండా తిరిగే నీరు

ఇంటి పరికరాల్లో సాధారణంగా మోటారు ఉండదు. మరి పలకలోని నీరు పైనున్న ట్యాంకులోకి ఎలా ఎక్కుతుంది? 25 డిగ్రీల నీరు లీటరు 997 గ్రాములుంటే, 60 డిగ్రీల నీరు 983 గ్రాములే ఉంటుంది. ఈ 14 గ్రాముల తేడాయే పంపు. పలకలో వేడెక్కిన నీరు తేలికై పైగొట్టం ద్వారా ట్యాంకులోకి పోతుంది. ట్యాంకు అడుగున ఉన్న చల్లని బరువైన నీరు దిగి దాని చోటు ఆక్రమిస్తుంది. ఎండ ఉన్నంతసేపూ ఈ సహజ సంవహనం నడుస్తూనే ఉంటుంది. దీనికి థర్మోసైఫన్ అని పేరు. ఎండ ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత వేగం. ఇంత చక్కగా తనను తాను నియంత్రించుకునే యంత్రాలు మన ఇళ్ళలో తక్కువ.

కాని ఆ బలం చాలా స్వల్పమైనది. గొట్టం ఎక్కడైనా పైకి వెళ్ళి మళ్ళీ కిందికి వంగితే, ఆ ఒంపులో గాలిబుడగ చేరి ప్రవాహాన్ని ఆపేస్తుంది. పలక కాలిపోతూ ఉంటుంది, ట్యాంకులో నీళ్ళు చల్లగా ఉంటాయి. యంత్రం పాడైందని అందరూ అనుకుంటారు, పాడైంది ప్లంబింగు. గొట్టం పలక నుంచి ట్యాంకు దాకా ఆగకుండా ఎగువాలుగా పోవాలి. ట్యాంకు అడుగుభాగం పలక పైఅంచుకంటే కనీసం 30 సెంటీమీటర్లు ఎత్తున ఉండాలి. లేకపోతే రాత్రి పలక ఆకాశంలోకి వేడిని వదిలి చల్లబడినప్పుడు ప్రవాహం తలకిందులై, పగలంతా కూడబెట్టిన వేడిని మళ్ళీ ఆకాశానికే అప్పగిస్తుంది.

రాత్రంతా నిలబెట్టడం

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. 1891లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో క్లారెన్స్ కెంప్ అనే వ్యాపారి మొదటిసారిగా సౌర జలతాపకానికి పేటెంటు పొంది అమ్మకానికి పెట్టాడు. నల్లరంగు వేసిన నీటి ట్యాంకులను గాజు మూత ఉన్న పెట్టెలో పడుకోబెట్టడమే ఆయన ఉపాయం. సాయంత్రానికి నీళ్ళు వేడిగా ఉండేవి, తెల్లారేసరికి చల్లబడేవి. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ పట్టే భాగాన్ని, నిలువచేసే భాగాన్ని విడదీశాడు. ఎండలో పలక, ఉష్ణబంధకం చుట్టిన ట్యాంకు వేరుగా. తన సరుకుకు ఆయన పెట్టిన పేరు ‘డే అండ్ నైట్’, అంటే పగలూ రాత్రీ. మీ మేడమీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఇప్పటికీ కెంప్ దశలోనే ఉంది.

ఉష్ణబంధకం విలువ ఎంతో అంకెల్లో చూద్దాం. 100 లీటర్ల ట్యాంకు ఉపరితలం సుమారు 1.26 చదరపు మీటర్లు. చుట్టూ 5 సెంటీమీటర్ల మందాన పాలీయురెథేన్ నురుగు నింపితే, లోపల 60, బయట 20 డిగ్రీలు ఉన్నప్పుడు నష్టం దాదాపు 25 వాట్లు. పన్నెండు గంటలకు 0.3 యూనిట్. నీటి ఉష్ణోగ్రత తగ్గేది రెండున్నర, మూడు డిగ్రీలు. గొట్టాల అతుకుల దగ్గర పోయేది కలుపుకున్నా ఐదు డిగ్రీలు మించకూడదు. అదే ట్యాంకును నగ్నంగా వదిలేస్తే తెల్లారేసరికి నీళ్ళు 30 డిగ్రీల దాకా దిగిపోతాయి. గాలి వీస్తే ఇంకా తక్కువే.

ట్యాంకు నుంచి స్నానాల గదికి వచ్చే గొట్టాన్ని మాత్రం చాలామంది మరిచిపోతారు. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు, పొడవు 15 మీటర్లు ఉన్న గొట్టంలో రెండున్నర లీటర్లకు పైగా నీరు నిలిచి ఉంటుంది. కుళాయి తిప్పగానే ముందు వచ్చేది ఆ చల్లని నీరు. పావుగంటకొకరు స్నానం చేస్తే, గొట్టానికి పొర చుట్టని ఇంట్లో ప్రతిసారీ కొంత నీరు, కొంత వేడి మోరీ పాలవుతాయి. మూడంతస్తుల ఇంట్లో కింది వాటావారు ఫిర్యాదు చేసేది దీని గురించే.

గాజు గొట్టాల రకం

బజారులో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి శూన్యనాళికల పరికరాలు. ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గాజు గొట్టాల మధ్య గాలి తీసేసి ఉంటుంది. థర్మాస్ ఫ్లాస్కు ఇదే సూత్రంతో పనిచేస్తుంది. శూన్యంలో వహనం, సంవహనం రెండూ జరగవు. లోగొట్టం మీది వరణాత్మక పూత వికిరణాన్నీ అదుపులో ఉంచుతుంది. అందుకే మబ్బు పట్టిన రోజున, చలిగాలి వీచే ఉదయాన ఇవి సమతల పలక కంటే మెరుగు. గొట్టం కొస దగ్గర వెండిలా మెరిసే పూత ఒకటి కనిపిస్తుంది. అది బేరియం. లోపల మిగిలిన వాయువులను పీల్చుకోవడానికి వేస్తారు. అది తెల్లగా మారిందంటే శూన్యం పోయింది, ఆ గొట్టం మార్చాలి. మేడెక్కినప్పుడు ఒక్క చూపుతో చేయగల పరీక్ష ఇది.

వీటి బలహీనత గాజే. కోతులు తిరిగే ఊళ్ళలో, పిల్లలు క్రికెట్ ఆడే వీధుల్లో రాగి పలకే మేలని నా అభిప్రాయం.

దిక్కు, వాలు

మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాం కాబట్టి పలక దక్షిణం వైపు చూడాలి. ఎంత వాలుగా? ఏడాది పొడవునా గరిష్ఠ శక్తి కావాలంటే వాలు మన అక్షాంశానికి దగ్గరగా ఉంటే చాలు. కాని వేడినీళ్ళు చలికాలంలో కావాలి గదా. హైదరాబాదు అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు, డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణ ఆకాశంలో 49 డిగ్రీల ఎత్తుకే చేరతాడు. జూన్ 21న నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి పోతాడు. అందుకని అక్షాంశానికి 10 నుంచి 15 డిగ్రీలు కలిపి, 30 డిగ్రీల దగ్గర బిగిస్తే చలికాలపు ఎండ పలకకు ఇంచుమించు నిటారుగా తగులుతుంది. వేసవిలో పలక కావాలనే కొంత ఎండను వదులుకుంటుంది. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నీడ పడకూడదు. ఈ పరీక్ష డిసెంబరులోనే చేయాలి. మే నెలలో నీడ తగలని చోట, చలికాలంలో పక్కింటి కొబ్బరిచెట్టు నీడ వచ్చి కూర్చుంటుంది.

బోరు నీళ్ళు

మన ప్రాంతంలో ఈ పరికరాల అసలు శత్రువు మబ్బు కాదు, కాఠిన్యత. చాలా బోరు నీళ్ళలో కాల్షియం బైకార్బొనేటు కరిగి ఉంటుంది. వేడిచేస్తే అది విడిపోయి కార్బన్ డయాక్సైడు, నీరు, కరగని కాల్షియం కార్బొనేటు ఏర్పడతాయి. రసాయనశాస్త్రంలో తాత్కాలిక కాఠిన్యతను మరిగించి పోగొట్టడం అని మీరు చదువుకున్నది ఇదే. అక్కడ అది వరం. ఇక్కడ ఆ సున్నపు పొర సన్నని రాగి గొట్టాల లోపలి గోడకు పట్టి, ముందు ఉష్ణవహనాన్ని తగ్గించి, తర్వాత దారినే మూసేస్తుంది. మూడు నాలుగేళ్ళకే పనిచేయడం మానేసి మేడమీద బట్టలారేసుకునే చట్రాలుగా మిగిలిన పలకలను నేను చాలా కాలనీల్లో చూశాను.

తాగునీటికి మొత్తం కాఠిన్యత లీటరుకు 200 మిల్లీగ్రాములు వాంఛనీయమని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. మీ బోరు నీరు ఆ మొదటి అంకెను బాగా దాటితే నేరుగా నీటిని పలకలోకి పంపే రకం కొనవద్దు. ఉష్ణ వినిమాయకం ఉన్న రకంలో పలకలో తిరిగే శుద్ధ ద్రవం వేరు, మీరు వాడే నీరు వేరు. పొర పట్టినా ట్యాంకులోనే పడుతుంది, కడుక్కోవచ్చు. శూన్యనాళికల రకంలో గొట్టాలు వెడల్పు కాబట్టి అంత త్వరగా మూసుకుపోవు. నీటి పరీక్ష చేయించకుండా పరికరం ఎంచుకోవడం రక్తపరీక్ష లేకుండా మందు వేసుకోవడం లాంటిది.

కరెంటు సాయం, ఆదా లెక్క

వానాకాలంలో వరసగా మూడు నాలుగు రోజులు ముసురు పట్టవచ్చు. అందుకని ట్యాంకులో విద్యుత్ తాపక తీగ అమర్చుతారు. దాన్ని రాత్రంతా వేసి ఉంచే ఇళ్ళున్నాయి. అప్పుడేమవుతుంది? సూర్యుడు వచ్చేసరికి ట్యాంకు నిండా వేడినీళ్ళుంటాయి, అతనికి పని ఉండదు. బిల్లు మాత్రం వస్తుంది, నింద సౌరశక్తి మీద పడుతుంది. ముందు నీళ్ళు పట్టి చూసి, చాలకపోతేనే ఉదయం ఒక అరగంట స్విచ్చి వేయాలి.

ఆదా ఎంత? అమ్మేవారు రోజుకు 4 యూనిట్లు, ఏడాదికి మూడు వందల రోజులు అని గుణించి చూపిస్తారు. ఆగి ఆలోచించండి. మనం స్నానం చేసేది 40 డిగ్రీల నీటితో. నలుగురున్న ఇంట్లో తలా ఒక 20 లీటర్ల బకెట్ అయితే మొత్తం 80 లీటర్లు. 25 నుంచి 40 డిగ్రీలకు 80 × 4.19 × 15 అంటే 5,028 కిలోజౌళ్ళు, 1.4 యూనిట్లు. అంతే! ట్యాంకులో మిగిలిపోయిన వేడి ఆదా కాదు. వాడిన వేడే ఆదా. పైగా మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు వేడినీళ్ళ అవసరం నాలుగైదు నెలలే. షవరు కింద నిలబడే అలవాటున్న పెద్ద కుటుంబానికి, ఏడాది పొడవునా వేడినీళ్ళు కావలసిన వసతి గృహానికి, ఆసుపత్రికి, హోటలుకు ఈ పరికరం త్వరగా పెట్టుబడి తిరిగి ఇస్తుంది. బకెట్ స్నానాల చిన్న ఇంటికి ఆలస్యంగా ఇస్తుంది. ఇది చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

ఇప్పుడు ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చాక, మేడమీద విద్యుత్ పలకలే పెట్టుకొని గీజరు నడపకూడదా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. సౌరవిద్యుత్ పలక ఎండలో దాదాపు 20 శాతాన్నే విద్యుత్తుగా మారుస్తుంది. నీటి పలక సగాన్ని వేడిగా పట్టుకుంటుంది. ఒకే వేడినీటికి రెండున్నర రెట్లు చోటు కావాలి. అయితే వేడినీళ్ళు అక్కరలేని ఏప్రిల్‌లో నీటి పలక ఊరికే ఉంటుంది, విద్యుత్ పలక ఫ్యాన్లు తిప్పుతుంది, మిగిలింది గ్రిడ్‌కు పంపుతుంది. దానికి సున్నం పట్టదు. చోటు విశాలంగా ఉండి, నీరు కఠినమై, అవసరం కొద్ది నెలలే ఉన్న ఇంటికి నేను విద్యుత్ పలకనే సూచిస్తాను. చోటు తక్కువ, వాడకం ఎక్కువ ఉన్నచోట వేడినీటి పలకకు ఇప్పటికీ సాటి లేదు.

మీరే చేసి చూడండి

ఒక ఉష్ణమాపకం, కొలత తెలిసిన బకెట్, గడియారం తీసుకోండి. వారం రోజులపాటు మీ ఇంట్లో ఎవరెవరు ఎన్ని లీటర్ల వేడినీళ్ళు వాడుతున్నారో, కుళాయి నీటి ఉష్ణోగ్రత, స్నానపు నీటి ఉష్ణోగ్రత ఎంతో రాసుకోండి. రోజుకు ఎన్ని యూనిట్ల వేడి వాడుతున్నారో లెక్కించండి. గీజరు ఉంటే అది రోజుకు ఎంతసేపు వెలుగుతుందో చూసి, దాని వాట్లతో గుణించి, రెండు అంకెల మధ్య తేడా ఎక్కడ పోతుందో ఆలోచించండి. ఈ పట్టికను అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి తెచ్చుకోండి. బకెట్ స్నానాల ఇళ్ళను, షవరు ఇళ్ళను విడిగా పోల్చి చూద్దాం.